క్లావమ్మ మాట్లాడిన భాష

దయ్యాలూ మహిమలూ నేను నమ్మను. చిన్నప్పుడూ నమ్మలేదు, ముప్ఫై ఏళ్ళకు పైగా డాక్టరుగా పనిచేసినప్పుడూ నమ్మలేదు. మా నాన్న విజయవాడలో ఒక ప్రెస్సులో కంపోజిటరు. భవానీపురంలోని మా అద్దె ఇంట్లో దేవుడి పటం ఉండేది కాదు. చుట్టుపక్కల ఎవరికైనా పూనకం వచ్చిందంటే నాన్న పనిగట్టుకుని వెళ్ళి చూసొచ్చి, అదెందుకొస్తుందో మాకు విడమరిచి చెప్పేవాడు. అలాంటి ఇంట్లో పెరిగినదాన్ని కాబట్టే ఈ సంగతి చాలాకాలం బయట చెప్పుకోలేదు.

డెబ్బైల మొదట్లో, నాకు పద్దెనిమిదేళ్ళప్పుడు, రష్యాలో మెడిసిన్ చదవడానికి స్కాలర్‌షిప్పు వచ్చింది. ఇంట్లో అందరికీ సంతోషమే. ఆ సంతోషం అడుగున ఒక భయం కూడా ఉంది. తొమ్మిదో ఏట నాకు క్షయ వచ్చింది. మంగళగిరిలో ఆసుపత్రిలో పదకొండు నెలలున్నాను. పూర్తిగా నయమైంది. కానీ అప్లికేషన్‌లో ఆ సంగతి రాస్తే పంపరేమోనని, అబద్ధమంటే గిట్టని మా నాన్న ఆ ఒక్క గడీ ఖాళీగా వదిలేశాడు.

స్టేషన్లో నన్ను ఢిల్లీ రైలెక్కించేటప్పుడు మాత్రం కిటికీ దగ్గరకొచ్చి, "వాళ్ళడిగితే దాచకమ్మా. ఉన్నదున్నట్టు చెప్పెయ్," అన్నాడు.

నాతోపాటు ఇబ్రహీంపట్నం నుంచి మరియమ్మ బయల్దేరింది. వాళ్ళ నాన్నగారు పాస్టరు. ఇద్దరం అప్పటిదాకా మద్రాసు కూడా చూడలేదు. ఢిల్లీలో విమానమెక్కి మాస్కోలో దిగితే సన్నగా చినుకులు, చెప్పుల్లో కాళ్ళు కొయ్యబారిపోయాయి. అక్కడినుంచి మళ్ళీ రైల్లో వొరోనెజ్ అనే ఊరు చేరాం. చీరల్లో ఉన్న మమ్మల్ని చూసి రైల్లో ఒకావిడ తన శాలువా తీసి ఇద్దరికీ కలిపి కప్పింది. మాకొచ్చిన రష్యన్ మూడు మాటలు: అవును, కాదు, థాంక్స్. ఆవిడకి మూడోది పదిసార్లు చెప్పాం.

మర్నాడు పొద్దున్నే మొదటి పని ఆ ఊరి ఆసుపత్రిలో వైద్య పరీక్ష. అందులో తప్పితే తిరుగు విమానమెక్కిస్తారని ముందే చెప్పారు. నా ఎక్స్‌రే వెలుతురుకి ఎత్తిపట్టుకుని డాక్టరు చాలాసేపు చూశాడు. తర్వాత ఒక్క మాటన్నాడు. క్షయ అనే మాట ఇంగ్లీషులో ఎలా ఉంటుందో రష్యన్‌లోనూ ఇంచుమించు అలాగే ఉంటుంది. మిగతాదంతా చేతులతో చెప్పి, బయట బెంచీ మీద కూర్చోమన్నాడు. మాతో వచ్చిన దుబాసీ, మాలాగే కొత్తగా చేరిన మగపిల్లలతో వేరే భవనానికి వెళ్ళిపోయింది.

అప్పుడు పదకొండు గంటలైంది. వసారా నిండా ఎండ. నాకు ఏడుపు ఆగలేదు.

అక్కడ నేల తుడుస్తున్న ఆయా, తలకి తెల్ల గుడ్డ కట్టుకున్న అరవై ఏళ్ళావిడ, తుడిచే కర్ర గోడకి ఆనించి వచ్చి నా పక్కన కూర్చుంది.

"ఎందుకమ్మాయ్ ఏడుస్తావు? ఏమన్నాడు లోపల?" అంది.

నేను చెప్పాను. ఎన్నో ఏట జబ్బు చేసిందీ, ఎన్ని నెలలున్నదీ, ఏ వైపు ఊపిరితిత్తికి వచ్చిందీ, ఎన్ని సూదులు పొడిచిందీ, వార్డులోకి రానివ్వకపోతే మా అమ్మ రోజూ కిటికీ బయట నిలబడి వెళ్ళిందీ, నాన్న రాయకుండా వదిలేసిందీ. ఆవిడ మధ్యలో అడుగుతూనే ఉంది: ఇప్పుడు దగ్గుందా, బరువు తగ్గావా అని. అంతా విని, "ఇక్కడే కూర్చో తల్లీ, నేను చెప్పొస్తా," అని లోపలికి వెళ్ళింది.

కాసేపటికి డాక్టరు మళ్ళీ పిలిచాడు. ఈసారి ముఖం మెత్తబడింది. పది రోజులు విడిగా ఉంచి, కఫం మూడుసార్లు పరీక్ష చేసి, ఏమీ లేదని తేలాక నన్ను క్లాసులోకి పంపారు.

ఆవిడ నాతో తెలుగులో మాట్లాడిందన్న సంగతి ఆ రోజు మధ్యాహ్నం, ఆ విడిగదిలో మంచం మీద కూర్చుని చెప్పులు విప్పుతుంటే తట్టింది. అదీ ఏదో పుస్తకాల తెలుగు కాదు. అచ్చం మా అమ్మ పుట్టింటివాళ్ళు, దివిసీమ వాళ్ళు, మాట్లాడే తీరు.

క్లాసులో చేరాక మరియమ్మనడిగాను. ఆ రోజు అది ఎదురు బెంచీ మీదే ఉంది.

"నువ్వు తెలుగులో మాట్లాడావు. ఆవిడ రష్యన్‌లో మాట్లాడింది," అంది మరియమ్మ. "ఇద్దరూ ఎక్కడా తడుముకోలేదు. పెంతెకొస్తు దినాన మా నాన్న చెప్పే సంగతి, ఒకరు మాట్లాడితే ఎవరి భాషలో వాళ్ళకి వినపడ్డం, ఇదేనేమో అనుకుని భయమేసి ఊరుకున్నా."

నాన్నకి ఉత్తరం రాశాను. ఏడుస్తున్న పిల్లని చూసి పెద్దావిడ ఊహించి ఉంటుందని జవాబొచ్చింది. నేనూ అలాగే సర్దిచెప్పుకున్నాను. మూడో ఏడు అదే ఆసుపత్రిలో మాకు శిక్షణ ఇచ్చినప్పుడు నా ఫైలు నేనే తీసి చదివాను. ఆ రోజు తేదీ కింద డాక్టరు చేతిరాత: తొమ్మిదో ఏట, పదకొండు నెలలు, కుడి వైపు, సూదుల మందు. తల్లి కిటికీ బయటనుంచి చూసి వెళ్ళేది. ఆ కిటికీ సంగతి నేను వెంట తెచ్చిన ఏ కాగితంలోనూ లేదు. మరియమ్మ కూడా ఆ బెంచీ దగ్గరే మొదటిసారి వింది, దానికీ అప్పటికి రష్యన్ రాదు.

అంతకుముందే, రష్యన్ కాస్త పట్టుబడ్డాక, మొదటి ఏడు చివర్లో ఆ ఆయాని వెతుక్కుంటూ వెళ్ళాను. పేరు క్లావా. మేమంతా క్లావమ్మ అనేవాళ్ళం. మీకు తెలుగెలా వచ్చని అడిగితే ఆవిడకి ప్రశ్నే అర్థం కాలేదు. ఆ పేరుతో ఒక భాషుందనే ఆవిడ వినలేదు. నది ఒడ్డునున్న తన పల్లె, ఈ ఊరు తప్ప ఇంకేదీ ఎరగదు.

"నువ్వేగా రష్యన్‌లో మాట్లాడింది," అంది. "మా పల్లె పిల్లలా మాట్లాడావు. ఏ ఊరమ్మాయివని అడుగుదామనుకుని మర్చిపోయా."

తర్వాత నన్ను జాలిగా చూసి, "ఏడాది చదివితే నీ భాష ఇలా పాడైపోయిందేం?" అంది.

ఆవిడ వేళాకోళమాడే మనిషి కాదు. చదువైపోయేదాకా ఆ ఊళ్ళో ఉన్నాను, ఆవిడతో రష్యన్‌లో తప్పులు మాట్లాడుతూనే ఉన్నాను. ఆ మొదటిరోజులా ఇంకెప్పుడూ జరగలేదు. తిరిగొచ్చి ఛాతీ డాక్టరుగా పనిచేసినన్నాళ్ళూ దీనికి కారణం వెతికాను. నాకు దొరకలేదు. నాన్న చివరిదాకా తన మాటమీదే ఉన్నాడు. నేను మాత్రం తెలీదనే చెప్తున్నాను.