ఆర్మూర్ పీఈటీ రాసిన దారులు

ఎస్తేరు ఆర్మూర్‌లో ఒక ప్రైవేటు బడిలో పీఈటీ. వయసు ముప్పై ఏడు. ఊళ్లో ఆమెను ఎరగనివారు తక్కువ, కూర్చుని నాలుగు మాటలు మాట్లాడేవారు అంతకన్నా తక్కువ. పొద్దున బడిలో విజిలు ఊదుతుంది, మధ్యాహ్నం ఎండలో ఖోఖోకు గీతలు గీస్తుంది, సాయంత్రం ఇంటికి వచ్చి తల్లి రూత్‌తో కలిసి అన్నం తింటుంది. పెళ్లి సంబంధాలు రెండు మూడు గడపదాకా వచ్చాయి గానీ, "పిల్ల మగపోరని లెక్క తిరుగుతదట" అన్న మాట విని అటునుంచి అటే వెళ్లిపోయాయి.

రెండువేల ఆరులో శిక్షణ కోసం హైదరాబాదు వెళ్లినప్పుడు, పాత సామాన్ల దుకాణంలో ఆమెకొక గేర్ల సైకిలు కనబడింది. సన్నని టైర్లు, కిందికి వంగిన హ్యాండిలు. బేరమాడి కొని, బస్సు టాపు మీద వేయించుకుని తెచ్చుకుంది.

ఆ వచ్చిన ఆదివారం తెల్లవారకముందే లేచి జక్రాన్‌పల్లి దాకా తొక్కింది. నెల తిరిగేసరికి డిచ్‌పల్లి వెళ్లి రావడం అలవాటైంది. పది గంటల ఆరాధనకు చర్చిలో వెనక బెంచీ మీద కూర్చునేది, మెడ మీద చెమట ఇంకా ఆరకుండానే. పక్కవాళ్లు కాస్త జరిగి కూర్చునేవారు.

"బండ్లున్నయి, బస్సులున్నయి. ఎవలు తరిమిండ్రని బిడ్డా గంత తొక్కుడు?" అనేది రూత్.

"ఇయ్యాల అరవై రెండు కిలోమీటర్లే అమ్మా!" అని చెప్పేది ఎస్తేరు సంబరంగా. రూత్‌కు అరవై రెండైనా ఆరైనా ఒకటే. "జర పాలు తాగు," అని లోపలికి వెళ్లేది.

ఆ సంబరం చెప్పుకునే చోటు చివరికి దేవయ్య నెట్ సెంటర్‌లో దొరికింది. సైకిలు తొక్కేవాళ్లు తమ దారులు రాసిపెట్టే సైటు ఒకటి కనబడితే, అందులో 'ఆర్మూర్ పీఈటీ' అని పేరు పెట్టుకుంది. ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసేది. ఏ బోరింగు నీళ్లు తియ్యగా ఉంటాయో, ఏ మూల మీద ఇసుకకు టైరు జారుతుందో, ఏ ఊరి మొగదల కుక్కలు వెంటబడతాయో, పసుపు ఉడికించే రోజుల్లో పొగ ఏ చేల మీదుగా రోడ్డెక్కుతుందో, అన్నీ రాసేది. ఒక్కో దారిని ఎంతమంది చూశారో పక్కన అంకె పడేది. నాలుగో, ఐదో. అందులో రెండు తనవేనని ఆమెకు తెలుసు. జవాబు మాత్రం ఎవరూ రాయలేదు.

ఏడాదిన్నర గడిచింది. రెండువేల ఎనిమిది ఫిబ్రవరిలో ఒక ఆదివారం నందిపేట్ వైపు వెళుతూ, ముత్తవ్వ చాయ హోటలు ముందు ఆగింది. అక్కడ గేర్ల సైకిళ్లు ఆరు వరసగా నిలబెట్టి ఉన్నాయి. హెల్మెట్లు పెట్టుకున్న ఆరుగురు మగవాళ్లు చాయ తాగుతున్నారు. వాళ్ల వెనకే సామాన్లతో ఒక జీపు. ఒకతని చేతిలో అచ్చు తీసిన కాగితం ఉంది. అందులోని మొదటి వరుస చూడగానే ఎస్తేరు గుర్తుపట్టింది. అది తను రాసిన దారే.

"గీ దారి మీకెవలు చెప్పిండ్రు?" అని అడిగింది.

"ఇంటర్నెట్‌లో ఉందండీ. మేం హైదరాబాదు నుంచి వచ్చాం," అన్నాడు కాగితం పట్టుకున్నతను. అతని పేరు సురేశ్. "ఆర్మూర్‌లో ఎవరో పీఈటీ సార్ రాశారు. మహానుభావుడు, కుక్కల సంగతి కూడా వదల్లేదు!"

అందరూ నవ్వారు. 'నేనే' అన్న మాట ఎస్తేరు నాలుక చివరిదాకా వచ్చింది. అంతలో ముత్తవ్వ అందుకుంది: "గీ మేడమ్ గూడ మస్తు తొక్కుతది. గామెను అడుగుండ్రి."

"మీరూ తొక్కుతారా? శభాష్!" అన్నాడు ఒకతను, పద్యం అప్పజెప్పిన పిల్లను మెచ్చుకున్నట్టు. అతని చూపు ఆమె చెప్పుల మీదికీ, సల్వారు అంచుకు చుట్టిన రబ్బరు బ్యాండు మీదికీ పోయింది. వచ్చిన మాట వెనక్కి దిగిపోయింది.

"గండ్ల వంతెన కాడ కుడికి తిరుగుమని ఉంటది. మొన్న గా రోడ్డు తవ్విండ్రు. ఎడమకు కట్ట మీదికెల్లి పోవాలె. రాండ్రి, చూపెడ్త," అని మాత్రం అంది. కాగితంలో ఏముందో ఆమెకెలా తెలుసని ఎవరూ అడగలేదు.

తొమ్మిది కిలోమీటర్లు ఆమె ముందు, వాళ్లు వెనక. తన వెనక ఇంకో చక్రం చప్పుడు వినడం ఎస్తేరుకు అదే మొదటిసారి. గుంత కనబడితే చెయ్యెత్తేది. "గుంత!" అని ఆరు గొంతులు ఒకదాని వెంట ఒకటి అందుకునేవి. ఆ తొమ్మిది కిలోమీటర్లు అయిపోకూడదనుకుంది.

గోదారి నీళ్లు కనబడగానే వాళ్లు దిగి వరసగా నిలబడ్డారు. సురేశ్ కెమెరా ఆమె చేతికిచ్చాడు, ఫోటో తీయమని. తీసింది. తర్వాత సైకిళ్లు జీపుకెక్కించుకుని, చేతులూపి వెళ్లిపోయారు. ఆమె ఎదురుగాలిలో ఒక్కతే తిరిగి వచ్చింది.

చర్చికి చేరేసరికి అందరూ వెళ్లిపోయారు. రూత్ ఒక్కతే మెట్ల మీద కూర్చుని ఉంది. "యాడ వడ్డవో ఏమోనని పానం అవిసిపోయింది బిడ్డా!"

"ఆరుగురు నా ఎంబడి వచ్చిండ్రమ్మా."

"ఎవలు వాళ్లు?"

"ఎవలో," అంది ఎస్తేరు.

రెండు రోజుల తర్వాత సైటులో ఆ ఫోటో వచ్చింది. 'ఆర్మూర్ సార్‌కు ధన్యవాదాలు. దారిలో ఒక పల్లెటూరి ఆవిడ కూడా సాయం చేసింది' అని రాసి ఉంది. ఎస్తేరు రాసి చెరిపింది, మళ్లీ రాసింది. చివరికి ఇలా పంపింది: 'నేను సార్‌ను కాను. నా పేరు ఎస్తేరు. ఆ ఫోటో తీసింది నేనే.'

తొమ్మిది రోజులకు సురేశ్ జవాబు వచ్చింది. సిగ్గుపడుతున్నాననీ, ఈసారి వస్తే ఫోన్ చేసి ఆమెతో కలిసే తొక్కుతామనీ రాశాడు. ఆమె తన నంబరు ఇచ్చింది. ఆ వేసవంతా సైకిలెక్కినప్పుడల్లా ఫోను నడుముకు కట్టుకుని వెళ్లింది. అది మోగలేదు. ఆమె మాత్రం ప్రతి దారి కింద తన పేరు రాయడం మొదలుపెట్టింది.

మరుసటి ఏడు ఆ సైటు మూసేస్తున్నట్టు ప్రకటన వచ్చింది. ఎస్తేరు నోటుబుక్కు తీసుకుని నెట్ సెంటర్‌కు వెళ్లి, తన దారులన్నీ చేత్తో ఎక్కించుకోసాగింది.

"ప్రింటు తీస్తే రెండు నిమిషాల పని గద మేడమ్," అన్నాడు దేవయ్య.

"రాసుకుంట పోతుంటే రోడ్డు కండ్లవడ్తది," అంది తలెత్తకుండా.

మూడు సాయంత్రాలు పట్టింది. మొత్తం నలభై మూడు దారులు. తర్వాతి ఆదివారం మెట్‌పల్లి వైపు, ఇంతవరకూ తొక్కని రోడ్డు మీదికి సైకిలు తిప్పింది.