మరపుల సంజీవప్ప

సంజీవప్ప ఏ ఇంటికి పెట్టె తీసుకుపోయినా ఆ ఇంట్లో ఏదో ఒకటి మరచిపోకుండా తిరిగి రాడు. గొడుగో, తువ్వాలో, కళ్లద్దాలో, మందుల కవరో, ఏదో ఒకటి అక్కడ ఉండిపోవలసిందే. హిందూపురం స్నేహబంధు సేవా సంఘంలో ముప్పై ఇద్దరు సభ్యులుంటే, ఈ ఒక్క విషయంలో ముప్పై ఇద్దరిదీ ఒకటే మాట. మిగతా ఏ విషయంలోనూ ఏ ఇద్దరిదీ ఒకటే మాట కాదు.

పెట్టె అంటే ఫ్రీజరు పెట్టె. సంఘం రక్తదానాలు చేయించేది, కంటి శిబిరాలు పెట్టేది, ఎండాకాలంలో బస్టాండు దగ్గర మజ్జిగ పోసేది. కానీ చుట్టుపక్కల ఊళ్లలో సంఘం పేరు చెప్తే జనానికి గుర్తుకొచ్చేది ఆ పెట్టే. దూరాన ఉన్న కొడుకో కూతురో వచ్చి కడసారి ముఖం చూసుకునేదాకా పోయినవాళ్లను అందులో ఉంచుతారు. ఫోను వస్తే అడ్రసు రాసుకుని, వ్యానులో వెంట పోయి, పెట్టెను ఆ ఇంట్లో కుదిర్చి రావడం సంజీవప్ప పని. పరిగి అయినా గోరంట్ల అయినా ధర్మవరమైనా గంటన్నరలో పెట్టె వాకిట్లో దిగేది. దిగినట్టే సంజీవప్ప గొడుగు కూడా ఆ ఇంటి మూలన చేరేది.

ఇందులో వింత ఏమిటంటే, ఆయన ముప్పై ఏళ్లు ఆర్టీసీలో కండక్టరుగా చేసిన మనిషి. బస్సులో ఎవరో అవ్వ వక్కాకు సంచి వదిలేస్తే, ఆమె మూడో సీటులో కూర్చుని గోరంట్లలో దిగిందని గుర్తుపెట్టుకుని, మరుసటి ట్రిప్పులో ఇల్లు వెతుక్కుంటూ పోయి ఇచ్చి వచ్చినవాడు. ఊరందరి వస్తువులూ గుర్తున్న మనిషికి తన వస్తువు ఒక్కటీ గుర్తుండకపోవడమేమిటని సంఘంలో చాలాకాలం చర్చ జరిగింది. రిటైరైనప్పుడు బుర్రను కూడా డిపోలో అప్పజెప్పి వచ్చాడని చివరికి తేల్చారు.

పరిగిలో ఒకసారి ఎడమకాలి చెప్పు మరచి కుడికాలి చెప్పుతో వచ్చాడు. ధర్మవరంలో మగ్గం నేసేవాళ్ల ఇంట్లో అంతకంటే ఘనకార్యం చేశాడు. నీళ్లు తాగుతానని కట్టుడు పండ్ల సెట్టు తీసి కిటికీలో పెట్టి వచ్చేశాడు. ఆ ఇంటివాళ్లు తండ్రి పోయిన దుఃఖంలో ఉండి, కిటికీలో నవ్వుతున్న ఆ పండ్లు పోయినాయనవేమోనని కాసేపు తికమకపడ్డారు. సంజీవప్ప పన్నెండు రోజులు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని తిరిగి, పదమూడో రోజు బస్సెక్కి పోయి తెచ్చుకున్నాడు. పొద్దున పోయినవాడు పొద్దు గూకేటప్పుడు వచ్చాడు. పండ్లు పెట్టుకోవడానికి అంతసేపెందుకని ఎవరూ అడగలేదు.

గోరంట్లలో అయితే ఏకంగా భార్యనే మరచి వచ్చాడు. ఆ రోజు ముత్యాలమ్మ కూడా వ్యానులో వెంట పోయింది. పెట్టె దించి, దండం పెట్టి, సంజీవప్ప ఒక్కడే వెనక్కి వచ్చాడు. సంఘం ఆఫీసు మెట్ల మీద కూర్చుని, ఏదో తక్కువైనట్టుండాదే అని జేబులు తడుముకున్నాడు. సాయంత్రం బస్సులో పోయి ఆమెను తీసుకొచ్చాడు. ఈ కథ హిందూపురంలో ఆరు నెలలు నడిచింది.

ఈ కథలకు నవ్వనివాడు హరిప్రసాదు ఒక్కడే. ఆయన సంఘం కార్యదర్శి. మందుల షాపు నడుపుతాడు. షాపులో ఏ మాత్ర ఏ అరలో ఉందో కళ్లు మూసుకుని చెప్పగలడు కాబట్టి లోకమంతా అట్లాగే ఉండాలని ఆయన కోరిక. చావు ఇంట్లో ఆయన పద్ధతి కొలిచినట్టుండేది: పూలదండ, నమస్కారం, సంఘం పుస్తకానికి ఒక ఫోటో. లోపలనుంచి ఏడుపు వినబడగానే మోగని ఫోను చెవికి పెట్టుకుని వాకిట్లోకి వచ్చేసేవాడు. ఏడ్చేవాళ్ల దగ్గర ఏం మాట్లాడాలో ఆయనకు జన్మలో తెలియలేదు. ఆ సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు.

ఒక సమావేశంలో హరిప్రసాదు తీర్మానం పెట్టాడు. పెట్టె వెంట పోయేటప్పుడు సంజీవప్ప ఒంటిమీద బట్టలు తప్ప ఏమీ తీసుకుపోరాదని. దాన్ని బలపరుస్తూ మొదట చెయ్యెత్తింది సంజీవప్పే. మరుసటి వారం గుడిబండ పోయి బనియనుతో తిరిగొచ్చాడు. ఉక్కగా ఉంటే చొక్కా తీసి వాళ్ల కొక్కేనికి తగిలించానని చెప్పాడు.

ఇట్లా నవ్వుతూ ఉండగానే ఈ ఏడాది మే నెల వచ్చింది.

పెనుకొండలో కొండ కింది వీధిలో తిమ్మప్ప అని గొర్రెలు కాసిన మనిషి ఉన్నాడు. ఆయన భార్య సిద్ధమ్మ ఒక రోజు తెల్లవారుతూనే పోయింది. కూతురు రోజా సూరత్‌లో ఉంటుంది. రైలెక్కాను, రేపు మధ్యాహ్నానికి వస్తాను, అమ్మను ఉంచండి అని ఫోను చేసింది. కొడుకు వెంటనే సంఘానికి ఫోను చేశాడు. సంజీవప్ప ఎత్తాడు. అడ్రసు అడిగాడు, ఓదార్చాడు, గంటలో వస్తాండాం అని చెప్పాడు.

పెట్టె పోలేదు. అది ఆఫీసులో, వ్యాను దాని పక్కన, మధ్యాహ్నం దాకా అట్లాగే ఉన్నాయి. ఆ ఇంట్లో తిమ్మప్ప వాకిట్లో నిలబడి సందు మలుపు వైపు చూస్తూ ఉన్నాడు. మళ్లీ ఫోను చేస్తే బాగుండదేమో, దారిలో ఉంటారులే అనుకున్నారు. ఐసు గడ్డలు తెచ్చి పెడితే అవి మధ్యాహ్నం ఎండకు నీళ్లయ్యాయి. చివరికి కొడుకు ఉండబట్టలేక హరిప్రసాదు నంబరు సంపాదించి ఫోను చేసేసరికి మూడు దాటింది. హరిప్రసాదు పెట్టెతో పెనుకొండ చేరేటప్పటికి పెద్దలు ఇక ఆగదని తేల్చి సిద్ధమ్మను తీసుకుపోయారు. ఆయన వ్యాను దిగేసరికి ఇంటి ముందు నీళ్లు చల్లుతున్నారు. మరునాడు రోజా వచ్చి, తల్లి ముఖానికి బదులు మట్టిదిబ్బ చూసింది.

హరిప్రసాదు ఆ సాయంత్రమే తిన్నగా సంజీవప్ప ఇంటికి పోయాడు. సంఘం ఫోను, వ్యాను తాళం తీసుకుని ఇక చాలని చెప్పడానికి. దారి పొడవునా మాటలు కూర్చుకుంటూ వచ్చాడు. సంజీవప్ప వరండాలో కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నాడు. జరిగింది విని ఆయన చేతులు ఆగిపోయాయి. తనకు ఫోను రాలేదన్నాడు. హరిప్రసాదు సంఘం ఫోనులో పొద్దున వచ్చిన కాల్ చూపించాడు. నాలుగు నిమిషాలు మాట్లాడినట్టు ఉంది.

సంజీవప్ప దాన్ని చాలాసేపు చూశాడు.

"నిజంగానే మరిచిపోయినానా హరీ?"

కోపంలో ఆ 'నిజంగానే' హరిప్రసాదుకు అర్థం కాలేదు. సంజీవప్ప ఫోనూ తాళమూ తానే ఆయన చేతిలో పెట్టాడు. ఆ తల్లి పేరేమని అడిగాడు. సిద్ధమ్మ అని చెప్తే తల వంచుకున్నాడు. కాసేపటికి తల ఎత్తి, ఏమప్పా హరీ ఎప్పుడొచ్చినావు, ఎవరన్నా పోయినారా అని అడిగాడు.

ముత్యాలమ్మ లోపలనుంచి వచ్చి హరిప్రసాదును వీధి గుమ్మం దాకా తీసుకుపోయింది. మూడు నెలలుగా ఇట్లాగే ఉందని చెప్పింది. బెంగళూరులో చూపించారట. మతిమరుపు జబ్బే, ముదరడమే తప్ప తగ్గేది కాదన్నారట.

"మాకెందుకు చెప్పలేదు వదినా?"

"ఏమని చెప్పేది హరీ? సంజీవప్ప మరిచిపోతాండాడని చెప్తే మీరు నవ్వుతారు. ఈ మూడు నెలలూ నేనూ మీతోపాటు నవ్వుతాండా."

ఆయనకెప్పుడూ మరపే కదా అన్నాడు హరిప్రసాదు. ముత్యాలమ్మ ఒక్క క్షణం ఆలోచించింది, చెప్పొచ్చో లేదో అన్నట్టు.

"అవి మరపులు కాదప్పా. చావింట్లోనుంచి లేచేటప్పుడు మళ్లీ వస్తామని చెప్పకూడదు కదా. దినాలయ్యేదాకా ఇంటి నిండా జనముంటారు. ఆ మరునాటినుంచి ఎవరొస్తారు? పని లేకుండా పోదామంటే మనకూ సంకోచమే. ఆడ గొడుగుంటే పోవచ్చు. గొడుగిస్తా కాఫీ తాగిపో అంటారు. కూర్చుంటే ఏదో ఒకటి మాట్లాడతారు. అంతే."

హరిప్రసాదు, ధర్మవరంలో పండ్ల సెట్టు కూడా అంతేనా అని అడిగాడు.

"అది పాతదిలే. కొత్తది ఇంట్లో ఉన్నా పన్నెండు దినాలు పెట్టుకోలే. పెట్టుకుంటే దొరికిపోతాననె."

గోరంట్ల సంగతి ఆయన అడగకుండానే చెప్పింది. అక్కడ ఉలిగమ్మ అని, మొగుడు మంచాన పడిన రెండు రోజులనుంచీ ఆమె ఏమీ ముట్టలేదని ఫోనులోనే చెప్పారట. పక్కన ఇంకొక ఆడమనిషి కూర్చుంటే తింటుందేమోనని మొగుడూ పెండ్లాం ముందే అనుకుని పోయారట. సాయంత్రానికి రెండు సంగటి ముద్దలు తినిందని చెప్పి ముత్యాలమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది.

హరిప్రసాదు షాపుకు పోయి కూర్చున్నాడు. ఎవరో జ్వరం మాత్ర అడిగితే ఏ అరలో ఉందో దొరకలేదు.

సిద్ధమ్మ దినాలు అయిన మరునాడు ఆయన పెనుకొండ బయలుదేరాడు. క్షమించమని అడగాలి, అడిగితే క్షమించాలని వాళ్లకేమీ లేదు, అయినా పోవాలి. సంజీవప్ప కూడా వస్తానన్నాడు. ఎందుకు పోతున్నామో దారిలో మూడుసార్లు అడిగాడు. మూడుసార్లూ హరిప్రసాదు చెప్పాడు. మూడుసార్లూ సంజీవప్ప మొదటిసారి విన్నట్టే కుమిలిపోయాడు. నాలుగోసారి అడిగినప్పుడు హరిప్రసాదు, ఒకాయనను పలకరించడానికి అన్నా, అని ఊరుకున్నాడు.

రోజా వాకిట్లో ఎదురైంది. హరిప్రసాదు సంఘం తప్పు అన్నాడు, తన తప్పు అన్నాడు. ఎవరి జబ్బు పేరూ చెప్పలేదు.

"మా నాయన పొద్దంతా ఈడనే నిలబడుకోనుండెనంట, మీ బండి వస్తాదని," అంది రోజా. తిట్టి ఉంటే ఆయనకు కొంచెం తేలికగా ఉండేది. జేబులో ఫోను ఉంది, చెవికి పెట్టుకుంటే వాకిలి దాటిపోవచ్చు. చెయ్యి అటు పోలేదు.

అప్పటికే సంజీవప్ప లోపలికి పోయి చాప మీద తిమ్మప్ప పక్కన కూర్చున్నాడు. తిమ్మప్ప ఎవరితోనూ మాట్లాడటం లేదని కొడుకు చెప్పాడు.

"ఎవరు పోయినారప్పా?" అన్నాడు సంజీవప్ప.

వెనకే లోపలికి వచ్చిన హరిప్రసాదు గోడ పక్కన కూలబడ్డాడు. తిమ్మప్ప తల తిప్పి చూశాడు.

"నా పెండ్లాం. సిద్ధమ్మ."

"ఎట్లా మనిషి?"

పన్నెండు రోజుల్లో ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. ఎట్లా పోయింది, ఏ ఆసుపత్రి, కూతురు ఎప్పుడొచ్చింది, ఇవే అడిగారు. తిమ్మప్ప గోడకేసి తిరిగి, మొండిది అన్నాడు. పెండ్లైన కొత్తలో సంతకు తోలుకుపోతున్న పొట్టేలు తాడు తెంపుకుంటే, ఆ తాడు కొస పట్టుకుని వదలలేదట. అది నాలుగు బారల దూరం ఈడ్చినా వదలలేదట. మోచేతులు రెండూ దోక్కుపోయి, పొట్టేలును మాత్రం ఇంటికి తెచ్చిందట. చెప్తూ చెప్తూ ఏడ్చాడు. సంజీవప్ప ఆయన వీపు మీద చెయ్యి వేసి కూర్చున్నాడు. కాఫీలు వచ్చాయి. కాఫీ తాగి లోటా కింద పెట్టి సంజీవప్ప మళ్లీ అడిగాడు, ఎవరు పోయినారప్పా అని.

కొడుకు ముఖం చిట్లించాడు. హరిప్రసాదు లేవబోయాడు. తిమ్మప్ప మాత్రం సంజీవప్ప కళ్లలోకి కాసేపు చూశాడు. గొర్రెల మందలో జబ్బుదాన్ని దూరంనుంచే పోల్చుకునే మనిషి, ఎవరూ చెప్పకుండానే ఆయనకు తెలిసిపోయింది. సిద్ధమ్మ అని మళ్లీ మొదలుపెట్టాడు. ఈసారి ఏడవడానికి ముందు పొట్టేలు పేరు కూడా గుర్తుకొచ్చింది. వాకిట్లో రోజా ఆ పేరు విని గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ఆ కథ ఆమె ఎప్పుడూ వినలేదట. సంజీవప్ప ఆమెను కూడా చాప మీద కూర్చోమన్నాడు. కూర్చుంది.

వారం తర్వాత సూరత్‌నుంచి రోజా హరిప్రసాదుకు ఫోను చేసింది. క్షమించానని చెప్పలేదు. "ఆదివారం మళ్లీ పోతారా? నాయన అడుగుతాండాడు" అంది.

అప్పటినుంచి ప్రతి ఆదివారం మధ్యాహ్నం హరిప్రసాదు షాపు మూసి సంజీవప్పను స్కూటరు మీద పెనుకొండకు తీసుకుపోతున్నాడు. ఇప్పుడు సంఘం ఫోను హరిప్రసాదే ఎత్తుతాడు. పెట్టె వెంట పోయి, దించాక లోపల చాప మీద కూర్చుంటాడు. ఏం మాట్లాడాలో ఇంకా తెలియదు. మాట్లాడకపోయినా ఎవరూ ఏమీ అనుకోరని తెలిసింది. దినాలయ్యాక ఆ ఇళ్లకు పోయి, పనేమిటని అడిగితే ఏమీ లేదు ఊరికే వచ్చినా అంటాడు. అట్లా అనడానికి మొదట్లో చెవులు ఎర్రబడేవి.

సంజీవప్ప ఇప్పుడు చాలా మరచిపోయాడు. ఏ ఊళ్లో ఎవరి ఇంట్లో కూర్చున్నాడో తెలియదు. ఒక్కొక్కసారి ముత్యాలమ్మను, నువ్వు ఎవరి తాలూకమ్మా అని మర్యాదగా అడుగుతాడు. ఆమె మర్యాదగానే జవాబు చెప్పి వంటింట్లోకి పోతుంది. చావింటి చాప మీద మాత్రం ఆయనకు ఇంకా పని వచ్చు. ఎవరు పోయినారు అంటాడు, ఎట్లా మనిషి అంటాడు. తిమ్మప్ప చెప్తాడు. ఇంట్లోవాళ్లు ఎన్నిసార్లు వింటారు, వాళ్ల పనులు వాళ్లకున్నాయి. సంజీవప్ప ప్రతిసారీ కొత్తగా వింటాడు, కొత్తగా బాధపడతాడు, పొట్టేలు తాడు తెంపుకునే చోట కొత్తగా చాప మీద ముందుకు జరుగుతాడు.

పోయిన ఆదివారం హరిప్రసాదుకు ఒక అనుమానం వచ్చింది. మొదట నాలుగు బారల దూరం ఈడ్చిన పొట్టేలు తర్వాతి వారం సందు చివరిదాకా ఈడ్చింది. ఆ పైవారం బస్టాండు దాకా పోయింది. ఈ వారం బస్టాండు దాటి, సంతలో ఇద్దరు పోలీసులను పడదోసి, ఇంకా ఆగలేదు. సంజీవప్ప నోరు తెరుచుకుని వింటున్నాడు. హరిప్రసాదు తిమ్మప్ప వైపు వంగి మెల్లగా, పోయిన వారం బస్టాండులోనే నిలబడింది కదన్నా అన్నాడు.

తిమ్మప్ప మీసాల కింద ఏదో కదిలింది.

"ఆయప్పకు తెల్దు కదా. నువ్వు చెప్పాకు."

ఆ తర్వాత ఏమైందప్పా అని సంజీవప్ప తొందరపెట్టాడు. హరిప్రసాదు నోరు మూసుకుని గోడకు ఆనుకున్నాడు. పొట్టేలు సిద్ధమ్మను కోట గుమ్మం దాకా ఈడ్చుకుపోయింది. ఆమె తాడు మాత్రం వదలలేదు.