సిల్కే చూడనన్న లెక్క

సిల్కే వీచోరెక్ తాత బొగ్గు తవ్వాడు, తండ్రీ బొగ్గే తవ్వాడు. జర్మనీలోని రూర్ లోయలో గనులు ఒక్కొక్కటే మూతపడుతున్న రోజుల్లో పెరిగిన సిల్కే భౌతికశాస్త్రం చదివి కాగితాల మీద తవ్వడం మొదలుపెట్టింది.

పదార్థపు మూలకణాల్లో బ్యూటీ క్వార్కు అనేది బరువైనది. పుట్టీ పుట్టగానే విరిగిపోయి, తనకంటే తేలికైన చార్మ్ క్వార్కుగా మారుతుంది. ఎంత వేగంగా విరుగుతుందో ఉజ్జాయింపుగా చెప్పడం తేలికే. కానీ విరిగే ఆ క్షణంలో దాని చుట్టూ క్వార్కులను అంటిపెట్టి ఉంచే గ్లూయాన్లనే కణాలు పుడుతుంటాయి, మాయమవుతుంటాయి. వాటివల్ల వేగం కాస్త మారుతుంది. ఆ కాస్తా మొదటి సవరణ, అందులో కాస్త రెండోది. సవరణ చిన్నదయ్యేకొద్దీ పని కొండలా పెరుగుతుంది. సిల్కే మూడోదాని మీద ఉంది. ప్రయోగశాలల్లో ఈ విచ్ఛిన్నాన్ని రెండు దారుల్లో కొలిస్తే రెండు జవాబులొస్తున్నాయి. ఆ తేడా ప్రకృతిదా, మన లెక్కలదా అన్నది ఈ సవరణ తేలితేగానీ చెప్పలేరు.

ఊపిరితిత్తుల నిండా బొగ్గు ధూళితో, ముక్కుకు ఆక్సిజన్ గొట్టంతో కిటికీ దగ్గర కూర్చుని వాళ్ళ నాన్న ఎగతాళి చేసేవాడు. "ఎట్టాగూ చచ్చేదానికి సవరణ ఎందుకే తల్లీ? మా గనిలో పోయినోళ్ళకి ఒక్కడూ సవరణ చెయ్యలేదు."

ఆమె నవ్వేసి, ఆయనకు స్నానం చేయించి, బంగాళాదుంపల సూపు కాచిపెట్టి, ట్రాము పట్టుకుని విశ్వవిద్యాలయానికి వచ్చేది.

మా జర్మనీ విశ్వవిద్యాలయాల్లో ఒక చట్టం ఉంది. డాక్టరేటు తర్వాత తాత్కాలిక ఒప్పందాల మీద ఆరేళ్ళకు మించి ఉంచకూడదు. చదివితే పనిచేసేవాళ్ళ మేలుకే రాసినట్టుంటుంది. జరిగేది వేరు. గడువు తీరాక పర్మనెంటు చేయరు, పంపించేస్తారు. పిల్లలుంటే గడువు పెరుగుతుంది. తల్లిదండ్రులను చూసుకోవడానికి సెలవు పెట్టినా పెరుగుతుంది. సిల్కే తండ్రినీ చూసుకుంది, పని ఆగకూడదని సెలవూ పెట్టలేదు. కాబట్టి ఆమె చాకిరీ ఎక్కడా నమోదు కాలేదు. సిబ్బంది సంఘం తరఫున నేను విభాగాధిపతి దగ్గరికి వెళ్ళి గొడవపడ్డాను. ఆమెను పంపడం తనకు మాత్రం ఇష్టమా అన్నాడాయన. నిజంగానే బాధపడ్డాడు. ఈ చట్టాన్ని నడిపిస్తున్నది ఇలా బాధపడేవాళ్ళే.

సిల్కే పనిలో ఒక కట్టుబాటు ఉంది. ఇంత పెద్ద లెక్కను ఇద్దరు విడివిడిగా చేస్తారు. ఒకరిది ఒకరు చూడరు. చివర జవాబులు పక్కపక్కన పెడతారు. రెండూ కలిస్తేనే అచ్చుకు వెళుతుంది. రెండో మనిషి ఎదురు గదిలోని హెన్నింగ్ ఆల్డాగ్. ఇద్దరూ కలిసి కాఫీ తాగేవాళ్ళు, ఫుట్‌బాల్ గురించి పోట్లాడుకునేవాళ్ళు, ఈ లెక్క మాత్రం ఎత్తేవాళ్ళు కాదు.

ఆ వేసవిలో జవాబులు పక్కపక్కన పెట్టారు. కలవలేదు.

వేరే ఊళ్ళో ఒక పర్మనెంటు ఉద్యోగం ఖాళీగా ఉంది. ఈ లెక్క పరిశోధన పత్రంగా అచ్చయితే సిల్కేని పిలుస్తారు, లేకపోతే లేదు. ఇక్కడ ఆమె ఒప్పందం సెప్టెంబరుతో సరి. ఇద్దరూ మళ్ళీ మొదటినుంచి వెతకడం మొదలుపెట్టారు. ఆగస్టు గడిచిపోయింది, తప్పు దొరకలేదు. ఒకరోజు మా విభాగం వంటగదిలో నేను కప్పులు కడుగుతుంటే హెన్నింగ్ తలుపు దగ్గరగా వేసి ఆమె ముందు కూర్చున్నాడు.

"నాది తీసి చూడు సిల్కే. పక్కన పెట్టుకుంటే సాయంత్రానికల్లా దొరికిపోద్ది."

"దొరుకుద్ది. ఆ తర్వాత?"

"ఆ తర్వాత నీకు ఉద్యోగం. నాకు ఇద్దరు పిల్లలున్నారు కాబట్టి చట్టం నన్ను ఇంకొన్నాళ్ళు భరిస్తుంది. నీకు పట్టుమని నెల లేదు."

"నీది చూసి నాది దిద్దుకుంటే మిగిలేది ఒకటే లెక్క, హెన్నింగ్. పైన పేర్లు రెండుంటాయంతే."

"ఆ కట్టుబాటు పెట్టినోళ్ళందరికీ పర్మనెంటు ఉద్యోగాలున్నాయి. పోయి మఠంలో చేరరాదూ?"

"మఠంలో అయితే జీవితాంతం ఉంచుకుంటారులే" అని సిల్కే తన కప్పు నాకిచ్చి వెళ్ళిపోయింది.

నేనైతే చూసేదాన్ని. ఆ మాట ఆమెతోనూ అన్నాను. తప్పుడు సంఖ్య మీద రెండు పేర్లుంటే ప్రపంచమంతా దాన్నే నమ్మి ముందుకు పోతుందనీ, వెనక్కొచ్చి వెతికేవాడుండడనీ చెప్పింది. నాకు కోపం వచ్చింది. అన్యాయమైన చోట న్యాయంగా ఉండే ఖర్చంతా ఎప్పుడూ ఇలాంటివాళ్ళే ఎందుకు భరించాలి?

సెప్టెంబరు ఆఖరున సిల్కే తాళంచెవి, కంప్యూటరు అప్పగించింది. ఆ ఉద్యోగానికి వేరే ఎవరినో తీసుకున్నారు. నవంబరులో వాళ్ళ నాన్న పోయాడు. ఆమె ఒక బీమా సంస్థలో చేరి, వరదలొస్తే ఏ వీధికి ఎంత నష్టమో లెక్క కడుతోంది.

ఫిబ్రవరిలో హెన్నింగ్ నా గదికొచ్చి, కోటు కూడా విప్పకుండా కూర్చుండిపోయాడు. తప్పు తనదేనన్నాడు. ఈ లెక్కల్లో దారి మధ్యలో అనంతాలు వస్తాయి, చివరికి ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. ఒకచోట సున్నా వైపు జారిపోతున్న ఒక చిన్న ముక్కను, ఎలాగూ పోయేదే కదా అని ముందే వదిలేశాడు. అది ముందుకెళ్ళి ఒక అనంతంతో గుణించబడాల్సిన ముక్క. గుణించాక పోదు, మిగులుతుంది. దాన్ని తిరిగి చేర్చితే అక్షరాలా సిల్కే జవాబే వచ్చింది. ఆమెది మొదటినుంచీ సరైనదే.

ఇద్దరం ఆమె ఇంటికి వెళ్ళాం. లెక్కలు కలిశాక రాసిన పత్రం చేతికిస్తే వంటగదిలో నిలబడే చివరిదాకా చదివింది. ముక్క ఎక్కడ జారిందో హెన్నింగ్ చెబుతుంటే ఆమె ముఖం వెలిగింది. నేను చాలాకాలంగా చూడని వెలుగు అది. పత్రం మీద నీ పేరు కింద ఏ సంస్థ పేరు రాయమంటావని అడిగాడు.

"బీమావాళ్ళకి క్వార్కులతో ఏం పని? ఖాళీగా వదిలెయ్" అంది. తర్వాత, రెండు కొలతల మధ్య తేడా తగ్గిందా అని అడిగింది.

"తగ్గలేదు. ఈ సవరణదాకా చూస్తే తేడా మన లెక్కలది కాదు."

"అయితే తర్వాత సవరణ కూడా చెయ్యాలి."

"చెయ్యాలి. ఒకమ్మాయి కొత్తగా చేరింది. రెండో లెక్క తను చేస్తుంది."

"ఒప్పందం ఎన్నాళ్ళు?"

హెన్నింగ్ నా వైపు చూశాడు. నేను నేల వైపు చూశాను.

"రెండేళ్ళు" అన్నాడు.

"సరిపోదు" అంది సిల్కే.