గట్టు దాటిన వేప

ఆదివారం పొద్దున ఆరున్నరకి సర్జాపుర రోడ్డులో సిటీ బస్సు ఎక్కాను. మెజెస్టిక్‌లో బస్సు మారి దొడ్డబళ్ళాపురం, అక్కడినుంచి ఆటోలో మా బావ వాళ్ళ ఊరు. బావ అంటే మా అక్క మంజుల భర్త వెంకటేశు. ఆయన టమాటా తోటలో కాయతొలుచు పురుగు పడింది. కొన్న మందులు కొట్టి కొట్టి విసిగిపోయి, ఈసారి వేపగింజల కషాయం కొడతానన్నాడు. బావమరిది కెమికల్ ఇంజినీరు కాబట్టి ఆ బాధ్యత నా మీద పడింది. పోయిన వారమే బళేపేట పక్క సందుల్లో మూలికల అంగళ్ళు తిరిగి, బూజు పట్టని వేపపప్పు కొని పంపాను. ఎలా చెయ్యాలో ఫోనులో వరసగా రాసి పంపాను. దంచాలి, గుడ్డలో మూటకట్టి రాత్రంతా నానబెట్టాలి, పిండి వడగట్టాలి, కాస్త సబ్బునీళ్ళు కలపాలి, సాయంత్రం ఎండ తగ్గాక కొట్టాలి. ఆ సాయంత్రం పక్కనే ఉండి చూడాలనే ఈ ప్రయాణం.

మెజెస్టిక్‌లో పళ్ళెమంత వెడల్పుండే తట్టె ఇడ్లీ తిని, ఎనిమిదింటి బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాను. ఆదివారం కాబట్టి సీటు దొరికింది. మామూలు రోజుల్లో వెళ్ళేవాళ్ళు ఇంకాస్త ముందే చేరుకోవడం మంచిది. నా పక్కన దొడ్డబళ్ళాపురంలో మగ్గాలున్న ఒక పెద్దాయన, ఒళ్ళో పట్టుదారపు కండెల పెట్టెతో కూర్చున్నాడు. ఎలహంక దాటకముందే బావ ఫోను చేశాడు.

"పని అయిపాయె బామ్మర్దీ! పొద్దున్నే కొట్టేసినా. సాయంత్రం గృహప్రవేశానికి పోవాల గదా. నువ్వు సుమ్నె, ఊరికే వచ్చి రాగిముద్ద తినేసి పో."

నవ్వొచ్చింది. అలవాటు కొద్దీ అడిగాను. ఎన్ని ట్యాంకులు కొట్టావు? సబ్బు ఎంత కలిపావు? గాలి ఎటుంది?

"గాలి బాగానే ఉండాది. రత్నమ్మ తోట తట్టు తోలతా ఉండె."

నవ్వు ఆగిపోయింది. గట్టుకి అవతల రత్నమ్మది మల్బరీ తోట. ఆ ఆకే కోసి పట్టుపురుగులు పెంచుతుంది. వేప పురుగుని ఒక్క దెబ్బకి చంపదు. ముందు తిండి మానిపిస్తుంది. తిన్న పురుగు పొర విడవలేక, గూడు కట్టలేక పోతుంది. అది టమాటా పురుగా, పట్టుపురుగా అని వేప తేడా చూడదు.

"బావా, ఆమె ఆకు కోసిందా?"

"కోస్తా ఉండాది. ఏం?"

"ఆ ఆకు మేపొద్దని చెప్పు. ఇప్పుడే."

"యాప నీళ్ళకి యాడన్నా సస్తాయా? అది మందు కాదప్పా, చెట్టుది. మనం ఆ పుల్లతో పండ్లు తోముకుంటాం గదా."

"చావకపోతే నీ తోటలో ఎందుకు కొట్టినావు?"

బావ గొంతు తగ్గించి, "పోయిన నెల కాలవ నీళ్ళ కాడ మాకు మాటామాటా అయింది. నేను పోతే ఇనదు. నువ్వే వచ్చి చెప్పు" అని పెట్టేశాడు. మళ్ళీ చేస్తే ఎత్తలేదు. గృహప్రవేశం ఇంట్లో వంటలకి వెళ్ళిపోయిందేమో, అక్కా ఎత్తలేదు. రత్నమ్మ నంబరు నా దగ్గర లేదు.

ఆ తర్వాత దారంతా నేను చూసింది ఒక్కటే, బస్సు ఆగడం. ఎక్కేవాళ్ళు తీరిగ్గా ఎక్కుతున్నారు. కండక్టరు చిల్లర కోసం వాదిస్తున్నాడు. నేను లేచి ముందుకి తొంగిచూస్తున్నాను, మళ్ళీ కూర్చుంటున్నాను.

"ఏమప్పా, సీట్లో ముల్లుండాదా?" అన్నాడు పెద్దాయన.

విషయం చెప్పాను. ఆయన కండెల పెట్టె మీద తట్టి, "ఆ పురుగులు తినకుంటే మాకూ అన్నం లేదు గదప్పా" అని, లేచి గట్టిగా అరిచాడు. "డ్రైవరన్నా, ఆడ పురుగులు ఆకలితో ఉండాయంట! రవంత బిరీన పోనీ!"

బస్సంతా నవ్వింది. బస్సు మాత్రం అలాగే నడిచింది.

దొడ్డబళ్ళాపురంలో షేర్ ఆటో నిండేదాకా ఆగే ఓపిక లేక, ఒక్కడినే ఆటో మాట్లాడుకున్నాను. పది దాటాక రత్నమ్మ పురుగుల షెడ్డు ముందు దిగాను. ఆమె ఆకుల తట్ట చంకన పెట్టుకుని తలుపు తీస్తోంది.

"అక్కా, ఆగు! ఆ ఆకు వెయ్యొద్దు."

"ఎవరప్పా నువ్వు? మంజుల తమ్ముడివా? ఆడే నిలబడు. ఆ వాసనేంది, సెంటా? పురుగులకి పడదు, సెంటు పూసుకున్నోళ్ళు గడప తొక్కగూడదు."

గడప బయటే నిలబడి అంతా చెప్పాను. ఆమె ఒక ఆకు చివర తుంచి నాలుక మీద పెట్టుకుంది. తుపుక్కున ఉమ్మి గట్టువైపు తిరిగింది.

"ఓ వెంకటేశా! కాలవ నీళ్ళు చాలలేదని యాప నీళ్ళు గూడా మళ్ళిస్తివా?"

టమాటా కర్రల మధ్యనుంచి బావ తల కనిపించింది. "గాలికి నేనేం చేసేది రత్నమ్మా!"

"నాలుగో జ్వరం లేచిన పురుగులు. ఆకలికి తలలు ఎత్తుకోనుండాయి. ఇంకో వారానికి గూళ్ళు కట్టేవి. ఇప్పుడేం మేపేది, నీ తలకాయా?"

పురుగు పొర విడవడాన్ని ఇక్కడ జ్వరం లేవడం అంటారు, నాలుగోది ఆఖరిది. పురుగు మేతలో ఎక్కువ భాగం ఆ తర్వాతే. తోట మొత్తం చెడిందా, గట్టు పక్క మాత్రమేనా అన్నది ముగ్గురిలో ఎవరికీ తెలియదు.

బయటి ఆకు కొన్నప్పుడు ఆమె చేసే పద్ధతి ఒకటుంది. ముందు నాలుగు పురుగులకి వేసి చూసి, తర్వాతే పురుగులు పెంచే తట్టలకి వేస్తుంది. దాన్నే వరసలవారీగా చేద్దామన్నాను. గట్టు పక్క వరస, నాలుగోది, ఎనిమిదోది, చివరిది. నాలుగు చేటల్లో విడివిడిగా ఆకు పెట్టి, ఒక్కో దాంట్లో గుప్పెడు పురుగులు వదిలింది. షెడ్డు బయట అరుగు మీద కూర్చున్నాం. బావ మాత్రం దూరంగా గొంతుక్కూర్చుని గడ్డి పీకుతున్నాడు.

గట్టు పక్క ఆకు మీది పురుగులు తల ఎత్తి, అటూ ఇటూ ఊపి, చేట అంచుకి పాకాయి. నాలుగోదీ అంతే. ఎనిమిదో వరస దగ్గర కొన్ని కొరికి వదిలేశాయి. ఒకటి మాత్రం తింటూనే ఉంది. దాన్నే చూస్తూ కూర్చున్నాను, లేచాను, మళ్ళీ కూర్చున్నాను.

"నువ్వు లేస్తే అవి తినవప్పా, కూచో" అంది రత్నమ్మ.

చివరి వరస చేటలో ఆకు అంచులు మాయమవడం మొదలైంది. మధ్య వరసలతో మరోసారి చూసి, పన్నెండో వరస అవతల ఆకు మంచిదని తేల్చుకున్నాం. ఇవతలి వరసలకి పాత చీర పేలికలు కట్టాం. ఈ పంటకి వాటి జోలికి పోకూడదు. పొద్దున కోసిన తట్టెడు ఆకు గుంతలో పారబోసి, అవతలి చివరనుంచి ఆకు కోసి మోసింది బావే. తక్కువ పడే ఆకు పక్క ఊరినుంచి రోజూ బండి మీద తెచ్చేదీ ఆయనేనని మాటయింది. గృహప్రవేశం ఇంటినుంచి అక్క ఫోను మీద ఫోను చేసింది. ఆయన ఎత్తలేదు.

రత్నమ్మ ఇంకో మాట కూడా తీసుకుంది. ఇకమీదట కషాయం కొట్టేముందు రోజే ఆమె గడప దగ్గర చెప్పాలి. గట్టు పక్క నాలుగు సాళ్ళ టమాటాకి అసలు కొట్టకూడదు, పురుగుల్ని చేత్తో ఏరాలి.

"చేత్తోనా!" అన్నాడు బావ.

"నేను నా పురుగుల్ని చేత్తో సాకుతా ఉండా. నీవి చేత్తో తీసేదానికి నీకేం నొప్పి?"

రెండింటికి ముద్ద, ఆకుకూర చారు తిన్నాం. మూడున్నరకి మళ్ళీ దొడ్డబళ్ళాపురంలో బస్సెక్కాను. ఈ దారిలో వచ్చి ఎవరికైనా కషాయం నేర్పబోయేవాళ్ళకి నేను చెప్పగలిగింది ఇంతే. గింజల తూకం, నానే గంటలు, సబ్బు మోతాదు, అన్నీ తర్వాత. ముందు గట్టెక్కి అవతల ఏముందో చూడండి. నేను బావకి రాసి పంపిన వరసలో ఆ మాట లేదు.

బస్సు రాజానుకుంటె దగ్గరికి వచ్చాక ఫోను మోగింది. బావ.

"తింటా ఉండాయంట."

"అన్ని తట్టల్లోనా?"

"అన్నిట్లోనూ. గూళ్ళు కట్టేదాకా ఏమీ చెప్పలేనంటా ఉండాది. నన్ను రోజూ రమ్మనింది. ఇంకో మాట. గూళ్ళు కట్టే దినం నిన్నూ రమ్మనింది. సెంటు లేకుండా రావాలంట. లోపలికి రానిస్తాదంట."

ఇంటికి చేరి స్నానం చేశాను. సెంటు సీసా తీసి అలమర పైఅరలో పెట్టేశాను. గూళ్ళ కబురు కోసం ఫోను మాత్రం చేతిలోనే ఉంది.