నాన్న సాంబ్రాణి

నిన్న సాయంత్రం మా ఆయన ఆఫీసు నుంచి వస్తూనే సాంబ్రాణి కప్పు వెలిగించాడు. నాకు ఒళ్లు మండింది.

చిన్నప్పుడు చిక్కడపల్లి ఇంట్లో నాన్నా అంతే. అశోక్ నగర్ టీ కొట్టు నుంచి రాగానే, తలస్నానం చేసిన పిల్లల జుట్టుకు వేసినట్టు, చొక్కాకు సాంబ్రాణి పొగ వేసుకునేవాడు. మా గల్లీలో అంత భక్తి ఎవరికీ లేదనుకునేదాన్ని. దండం పెట్టడం మాత్రం ఎన్నడూ చూడలేదు.

ఆయాసంతో అమ్మ కొంగు అడ్డం పెట్టుకుని దగ్గుతుంటే, "దేవుని పొగనే, ఏంగాదు" అనేవాడు. అది సిగరెట్ కంపు దాచడానికని పెద్దయ్యాక తెలిసింది. ఒక పొగ చాలదని అమ్మకు రెండోది!

"ఇల్లంత మంచి వాసన రావాలని..." మా ఆయన నవ్వాడు.

కప్పు మీద గ్లాసెడు నీళ్లు గుమ్మరించాను.

"ఇప్పుడు దగ్గరికి రా. నీ వాసన చూస్తా."