బాలింత గదిలో తడి

మా వైపు గాలిలో తడి తక్కువైందంటే ఎవరూ నమ్మరు. జాడీలో ఉప్పు తనంతట తానే నీళ్ళవుతుంది. అగ్గిపెట్టెను పొయ్యిగట్టు మీద ఉంచకపోతే పుల్ల ఎంత గీసినా వెలగదు. వానాకాలంలో బీరువాలోని పట్టుచీరలకు బూజు పడుతుంది. అలాంటి చోట, అమలాపురం పక్క ఊళ్ళో, పొడిగాలి వల్ల నా బిడ్డ ముక్కు బిగిసిపోయిందని డాక్టరు చెబితే మా ఇంట్లో ముందుగా డాక్టరునే అనుమానించారు.

తొంభైల చివర్లో, పుష్యమాసం చలిలో, పుట్టింట్లో నాకు పురుడు వచ్చింది. మా నాన్న తల్లి, మామ్మ, గదిని తన చేతిలోకి తీసుకుంది. బాలింతల విషయంలో మా ఇంటికి ఆవిడే హైకోర్టు, ఆ పైన కోర్టు లేదు. కిటికీ సందుల్లో పాతచీర ముక్కలు కుక్కించింది. నా చెవుల్లో దూది పెట్టింది. మంచం పక్కన కుంపట్లో కొబ్బరిచిప్పల నిప్పులు పగలంతా ఉండేవి. నా పెదాలు పగిలాయి, నాలుక పిడచకట్టుకుపోయింది. మంచినీళ్ళు అడిగితే గోరువెచ్చగా అరగ్లాసు ఇచ్చేది. ఎక్కువ తాగితే పొట్ట పెరుగుతుందట. పొట్ట అప్పటికే ఎవరి అనుమతీ లేకుండా పెరిగి ఉంది.

నా సంగతి సరే. పాప ముక్కు ఎండి పక్కు కట్టింది. పాలు పట్టుకునేది, ఒకటి రెండు గుక్కలు వేసేది, ఊపిరందక వదిలేసి ఏడ్చేది. పుట్టడమే చిన్నగా పుట్టిన పిల్ల, బుగ్గలు లోపలికి పోతున్నాయి. నా పాలు జాకెట్టును తడుపుతున్నాయి గానీ దాని గొంతులోకి పోవడం లేదు. నాకు చాలా భయం వేసింది.

మామ్మ జలుబని తేల్చి నిప్పులు పెంచింది. ముక్కు ఇంకా బిగిసింది. అంటే జలుబు ముదిరిందన్నమాట. అందుకని ఇంకో చిప్ప వేసింది. వైద్యంలో ఆవిడకి తడబాటన్నది లేదు.

చివరికి అమ్మా నాన్నా పాపను ఆటోలో అమలాపురం పిల్లల డాక్టరుకు చూపించుకొచ్చారు. ఛాతీ శుభ్రంగా ఉందట. ముక్కులో వేయడానికి చుక్కల మందు రాసి, కుంపటి తీసెయ్యమని, కిటికీ తెరవమని, గదిలో తడిగుడ్డ ఆరెయ్యమని చెప్పాడట. మామ్మ చుక్కల మందుకు ఒప్పుకుంది. కిటికీకి ఒక రెక్క తెరవనిచ్చింది. కుంపటిని గుమ్మం దాకా జరిపింది. తడిగుడ్డ మాత్రం కుదరదంది. బాలింత గదిలోకి మా వాళ్ళు తడికాళ్ళతో కూడా రారు. కడిగిన చెంబును తుడిచి గానీ లోపలికి తేరు.

అత్తగారికి ఎన్నడూ ఎదురు చెప్పని మా అమ్మ, చాలా వినయంగా, "వేడినీళ్ళు తడి కిందకి రావు కదండీ అత్తయ్యగారూ" అంది. మామ్మ కాసేపు ఆలోచించి, రావంది. అమ్మ వెంటనే వెడల్పు గిన్నెతో నీళ్ళు తెచ్చి కుంపటి మీద పెట్టింది.

మామ్మ వచ్చి దాని మీద మూత పెట్టింది. నీళ్ళను మూత లేకుండా ఉంచడం మా ఇంటా వంటా లేదు, బల్లి పడుతుంది. అమ్మ తీసేది, మామ్మ పెట్టేది. ఇద్దరూ దాని గురించి ఒక్క మాట కూడా అనుకోలేదు. ఆవిరంతా మూతకింద గిన్నెలోనే తిరుగుతోంది. పాప మాత్రం రొమ్ము పట్టుకోవడం, వదిలేసి ఏడవడం మానలేదు.

మర్నాడు మధ్యాహ్నం నాకు ఓపిక చచ్చిపోయింది. బాలింత దిగకూడదన్న మంచం దిగి, మూత తీసి చేత్తో పట్టుకున్నాను. అప్పుడే మామ్మ వచ్చింది.

"మామ్మా, ఇది ఉంటే ఆవిరి బయటికి రాదు. పాప ఆకలితో ఉంది. నేనివ్వను" అన్నాను.

తిడుతుందనుకున్నాను. మామ్మ గోడకి ఆనుకుని కింద కూర్చుంది.

"నా మొదటి పిల్ల తడికే పోయిందే" అంది. "గోదారి వరదల్లో పుట్టింది. గోడలన్నీ కారుతున్నాయి. కప్పడానికి ఇంట్లో పొడిగుడ్డన్నది లేదు. ఒక్క కుంపటుంటే బతుకునని అందరూ అన్నారు."

మా నాన్నే పెద్దవాడని ఆ ఇంట్లో అందరం అనుకునేవాళ్ళం. నాన్న కూడా అలాగే అనుకునేవాడు. నాకు ఏడుపొచ్చింది. మూత కింద పెట్టలేదు, వెనక్కి ఇవ్వాలనీ అనిపించలేదు.

మామ్మే లేచింది. తువ్వాలు ఒకటి తీసి గిన్నెలో ముంచింది. చేతులు కాలుతున్నా గట్టిగా పిండి, మంచానికి దగ్గరగా దండెం మీద ఆరేసింది. అది ఆరేలోగా మళ్ళీ ముంచింది. కిటికీ రెండో రెక్క కూడా తనే తెరిచింది.

సాయంత్రానికి చుక్కల మందు వేసి తుడిస్తే పక్కు మెత్తబడి ఊడి వచ్చింది. పాపను ఒళ్ళో వేసుకున్నాను. పట్టుకుంది. వదలలేదు. మామ్మ పక్కన కూర్చుని, పాప ముక్కు దగ్గర వేలు పెట్టి చాలాసేపు అలాగే ఉంచింది.

"ఆ పిల్ల బారసాల దాకా ఉన్నా ఏదో పేరు పెట్టుకుందుము" అంది.

పాప పాలు తాగుతూనే ఉంది.