ఇసుక తొట్టెలో మా ఇల్లు

పిల్లల భయాలతోనే నా ఉద్యోగం. అందుకే ఎవరైనా దెయ్యాల మాటెత్తితే నాకు భయం కాదు, విసుగొచ్చేది. మెదడులో బాదంగింజంత భాగం ఒకటుంది, ఎమిగ్డలా అంటారు, ప్రమాదం అనిపిస్తే చాలు, మనం ఆలోచించేలోపే గుండెను పరిగెత్తిస్తుంది, కారణం తర్వాత వెతుక్కుంటాం, దొరక్కపోతే దెయ్యం అంటాం, అని తల్లిదండ్రులకు గడగడా చెప్పేదాన్ని. ఇప్పుడూ అదే చెబుతాను. కాకపోతే మునుపటంత గట్టిగా చెప్పలేను.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో తిరుపతిలో ఒక చిన్న క్లినిక్‌లో పిల్లలకు ఆటలతో వైద్యం చేసేదాన్ని. గదిలో ఒక ఇసుక తొట్టె, అరల నిండా బొమ్మలు. ఆట పిల్లలది. మేం ప్రశ్నలు వెయ్యకూడదు, చెయ్యి అడ్డం పెట్టకూడదు. పక్కన కూర్చుని చూసి, బిడ్డ వెళ్లాక రాసుకోవాలి. నోటితో చెప్పుకోలేని భయాన్ని పిల్లలు బొమ్మలతో బయటపెట్టేస్తారు.

ఐరాల దగ్గర పల్లె నుంచి ఒక రైతు తన ఆరేళ్ల కూతుర్ని తీసుకొచ్చాడు. పేరు రేవతి అనుకుందాం. చెల్లెలు ఆ పిల్ల కళ్ల ముందే పొలం బావిలో పడి చనిపోయింది.

"ఆ పొద్దు నుంచి నోరు తెరవలేదు మేడం. ఏడు నెలలాయ. నవ్వదు, ఏడవదు. ఎట్లన్నా చేసి మాట్లాడించండి," అన్నాడు.

శనివారం శనివారం వచ్చేది. మొదటి రోజు నుంచీ ఒకటే ఆట. ఇసుకలో గుంట తవ్వి, అందులో గిన్నె పెట్టి నీళ్లు పోసేది. చిన్న పాప బొమ్మను అంచున కూర్చోబెట్టి, మెల్లగా నీళ్లలోకి జార్చేది. చెల్లెలి చావును మళ్లీ ఆడుకుంటోందని రాసుకున్నాను. నయం కావడానికి అది మంచి గుర్తే. నా తెలివికి నేనే మురిసిపోయాను కూడా.

మూడో వారం గుంట పక్కకు బొమ్మ లారీ వచ్చింది. నాలుగో వారం రెండు పచ్చ చెక్కదిమ్మెలు, అటు తిరిగి నిలబడ్డ ముసలమ్మ. పొలం బావి దగ్గర ఈ లారీ ఏమిటి? నోటుబుక్కులో ఒక ప్రశ్నార్థకం పెట్టి వదిలేశాను. ఆట అర్థం ముందే తేల్చేసుకున్నదాన్ని కదా, కొత్తగా వచ్చినవి నా కంటికి ఆనలేదు.

ఐదో శనివారం, ఉదయం పదకొండు కావస్తోంది. రేవతి గౌను జేబులోంచి తెల్ల గుడ్డపేలిక తీసి పాప బొమ్మ ఎడమ మోకాలికి కట్టింది.

ఆ పొద్దున్నే మా మూడేళ్ల పాప వాకిట్లో పడి మోకాలు గీరుకుంటే, నా తెల్ల చేతిరుమాలు కట్టి వచ్చాను. ఎడమ మోకాలికే. రేణిగుంటలో మా అద్దె ఇంట్లో, మా అత్తగారి దగ్గర వదిలి వచ్చాను. మళ్లీ తొట్టెలోకి చూశాను. ఆ పచ్చ దిమ్మెలు మా గేటు, అటు తిరిగిన ముసలమ్మ మా అత్త. గేటు పక్కనే నేలలో కట్టిన నీళ్ల సంపు. కొళాయి రాని రోజుల్లో ట్యాంకర్ లారీ వచ్చి దాన్ని నింపిపోతుంది.

రేవతి తలెత్తి నన్ను చూసింది. "లారీ వచ్చేసినాది. ఇంటికి పో అక్కా," అంది.

ఎనిమిది నెలల తర్వాత ఆ బిడ్డ నోటి నుంచి వచ్చిన మొదటి మాట. సంతోషించాల్సింది పోయి బయట గదిలోని ఫోన్ దగ్గరికి పరిగెత్తి, రెండుసార్లు నంబరు తప్పు నొక్కాను.

"అత్తా, పాప యాడుండాది?"

"ఈడే ఉన్నింది గదమ్మా. ట్యాంకరోళ్లు వచ్చినారు. వాళ్లతో మాట్లాడతా ఉంటి, ఫోన్ మోగితే లోపలికొస్తి. పాప..." మాట ఆగిపోయింది. రిసీవర్ కింద పడ్డ చప్పుడు.

తర్వాత మోటారు హోరు. ఎవరో అరుస్తున్నారు. బాదంగింజా లేదు, గీదంగింజా లేదు, దేవుడా దేవుడా అని పైకే అంటున్నాను.

"దొరికినాది తల్లీ," అంటూ అత్త ఏడ్చేసింది. "సంపు మూత తీసి పెట్టుండారు. అంచున కూసోని, కాళ్లు లోపలికి ఏలాడేసుకోని ఉండాది."

ఆ రుమాలు సంగతి నేను క్లినిక్‌లో ఎవరికీ చెప్పలేదు. ట్యాంకర్‌కు ఫలానా రోజంటూ లేదు. రేవతి తండ్రికి నేనుండేది రేణిగుంటలో అని కూడా తెలియదు. గుడ్డపేలిక ఎక్కడిదంటే ఆయన తెల్లమొహం వేశాడు. నాకు తెలియకుండా నేనే ఎప్పుడైనా మా ఇంటి సంగతులు ఆ పిల్ల ముందు వాగానా అని రాసుకున్నదంతా తిరగేశాను. ఏమీ దొరకలేదు.

తర్వాతి శనివారం ఆయన మొహం వెలిగిపోతోంది. "ఇంట్లో గూడా మాట్లాడతా ఉండాది మేడం. నిన్న వాళ్లవ్వతో కొట్లాడినాది," అని చేతులు జోడించాడు.

లోపల రేవతి ఎప్పుడూ ముట్టని ఆడమనిషి బొమ్మను తీసుకుంది. సన్న తీగ వంచి రెండు సున్నాలు చేసి దాని కళ్లకు తగిలించింది. ఆ గదిలో కళ్లద్దాలు ఉన్నది నాకొక్కదానికే. బొమ్మను పక్కన పెట్టి ఇసుక తవ్వసాగింది. ఈసారి గుండ్రంగా కాదు, పొడుగ్గా, ఆ బొమ్మను పడుకోబెట్టేంత. నీళ్ల గిన్నె జోలికి పోలేదు.

"వద్దు!" అని అరిచి ఆ చెయ్యి పట్టేసుకున్నాను. గట్టిగానే పట్టుకుని ఉంటాను.

ఆ పిల్ల మొహంలో మొదటిసారి భయం చూశాను. అది నన్ను చూసి. బొమ్మను అరలో పెట్టేసి గోడ వైపు తిరిగి కూర్చుంది.

ఇంకో రెండు వారాలు వచ్చారు. "ఇంట్లో గూడా మళ్లీ మాట నిలిచిపాయ మేడం. ఏమైందో ఏమో," అన్నాడు తండ్రి. ఏమైందో ఆయనకు చెప్పే ధైర్యం నాకు లేకపోయింది. ఆ తర్వాత వాళ్లు రాలేదు.

నా చెయ్యి ఎందుకలా లేచిందో పుస్తకం తెరిచి వివరించగలను. ఆరేళ్ల పిల్లకు మా ఇల్లు ఎలా తెలిసిందో మాత్రం ఈరోజుకీ నా దగ్గర జవాబు లేదు. నాకు నిద్ర పట్టనివ్వనిది అది కూడా కాదు. నా బిడ్డను బతికించిన ఆ నోటిని నేనే మూయించాను.